ఈల మోగాక ఆ పిల్లలు ఎవరి పిల్లలు?

పోయిన వానాకాలంలో ఒక సాయంత్రం నేనెక్కిన బోటు అండమాన్‌లోని ఫీనిక్స్ బే జెట్టీకి ఆనుకుంటోంది. పైనుంచి విసిరిన మోకును కింద గట్టు మీద నిలబడ్డ మనిషి అందుకున్నాడు. మామూలుగా మోకు నేల మీద పడ్డాక వంగి తీసుకుంటారు. ఇతను అది గాల్లో ఉండగానే రెండు చేతులూ చాచి, గుండెకు హత్తుకుని, ఒక అడుగు వెనక్కి వేసి నిలదొక్కుకున్నాడు. ఆ పట్టు నాకు తెలుసు. పదిహేనేళ్ల కిందట అదే పట్టు చూసి గొంతు బొంగురుపోయేలా అరిచినవాళ్లలో నేనూ ఒకణ్ణి. అతను మా బడి గోల్‌కీపర్.

"గుర్తుపట్టినారా మాస్టారూ?" అన్నాడు, మోకును ఇనుప దిమ్మకు చుడుతూనే. బుగ్గలు లోపలికి పోయాయి, చేతుల నిండా తాడు కోసిన గీతలు. ఎడమ మోకాలి మీద బరువు వెయ్యకుండా నడుస్తున్నాడు. ఒక బోటు యజమాని దగ్గర రోజు కూలీకి పని చేస్తున్నాడట. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. టీ తాగుదాం రమ్మంటే మొహమాటపడ్డాడు. బలవంతం చేస్తే వచ్చాడు. గ్లాసు సగం అయ్యాక అడిగాడు.

"మాస్టారూ, మనం మెయిన్‌లాండ్ వెళ్లి ఆడొచ్చినాం కదా, దాని సర్టిఫికెట్టు ఇప్పుడైనా దొరుకుద్దంటారా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ ఏడాది అతని క్లాసు టీచర్ని నేనే. అతను దీవుల జట్టుకు ఎంపికైనప్పుడు ప్రేయర్‌లో పేరు చదివి చప్పట్లు కొట్టించింది నేను. తిరిగొచ్చాక ఫొటో తీయించాం. వాళ్లమ్మ ఆ ఫొటోకు ఫ్రేము కట్టించి, దేవుడి పటాల పక్కన గోడకు పెట్టుకుంది. ఫొటో చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. ఉద్యోగానికి కావాల్సిన కాగితం వేరే ఉందని, దాని మీద సంతకం ఫలానా అధికారి చేత చేయించాలని ఆ అబ్బాయికి ఎవరూ చెప్పలేదు. మరుసటి ఏడు మోకాలు తిరిగింది. పట్టీ కట్టి పది రోజులు పడుకోమన్నారు. లేచి మళ్లీ ఆడాడు, మళ్లీ తిరిగింది. పదకొండో తరగతి మధ్యలో బడి మానేశాడు. ఎందుకు రావడం లేదని నేను ఒక్కసారి కబురు పెట్టాను. జవాబు రాకపోతే ఊరుకున్నాను. ఆ ఊరుకోవడమే ఈ వ్యాసం నా చేత రాయిస్తోంది.

గెలిచిన రోజు ఆ పిల్లవాడు బడి పిల్లవాడు, పేట పిల్లవాడు, దీవుల పిల్లవాడు. మోకాలు తిరిగిన మర్నాటి నుంచి వాళ్ల అమ్మానాన్నల పిల్లవాడు మాత్రమే అయిపోయాడు. ఏరు దాటి తెప్ప తగలేసినట్టు అంటారు మనవాళ్లు. మనం తగలేసింది ఒక మనిషిని.

ఈ దీవుల్లో ఫుట్‌బాల్ అంటే ఏమిటో బయటివాళ్లకు కొంచెం చెప్పాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ నూటికి పదమూడు మంది తెలుగు మాట్లాడేవాళ్లం. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలలు పట్టుకుని వచ్చిన మన పెద్దవాళ్లు జంగ్లీఘాట్ చుట్టుపక్కల ఇళ్లు కట్టుకున్నారు. మన పక్కింట్లో తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబం, దాని వెనక రాంచీ వాళ్లు, రోడ్డుకు అవతల తమిళులు, కేరళ వాళ్లు, చదువుకోడానికి ఓడెక్కి వచ్చిన నికోబారీ పిల్లలు. పండగలు ఎవరివి వాళ్లవి. బడి జట్టు మాత్రం అందరిదీ. మా జట్టులో గోల్ దగ్గర తెలుగు కుర్రాడు ఉంటే, వెనక వరసలో నికోబారీ, మధ్యలో బెంగాలీ, ముందు రాంచీ పిల్లవాడు. అరుచుకునేది హిందీలో, తిట్టుకునేది నాలుగు భాషల్లో, గెలిస్తే ఏడ్చేది అందరూ కలిసి. ఏడాదిలో సగానికి పైగా వానలు పడే చోట, బురదలో చీలమండ లోతు దిగబడుతూ, బూట్లు ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఒకే జట్టుగా ఆడతారు. మినీ ఇండియా అని ఈ దీవుల గురించి ఉపన్యాసాల్లో చెబుతుంటాం. నేను దాన్ని కళ్లతో చూసింది ఆ బురదలోనే. మనకు అంత ఇచ్చిన పిల్లలకు మనం తిరిగి ఏమిచ్చాం?

ఫుట్‌బాల్ ఈ దీవుల్లో ఎంత లోతుకు వెళ్లిందో ఒక పేరు చెబుతుంది. కార్ నికోబార్ చదునైన చిన్న దీవి, 2011లో అక్కడి జనాభా 17,841. అక్కడ ఒక తండ్రి తన కొడుక్కి డేవిడ్ బెక్‌హామ్ అని పేరు పెట్టుకున్నాడు. ఎక్కడో ఇంగ్లండ్ ఆటగాడి పేరు కొబ్బరిచెట్ల మధ్య పుట్టిన బిడ్డకు వచ్చింది. 2004 డిసెంబరు 26న సముద్రం ఆ తండ్రిని తీసుకుపోయింది. అప్పటికి బిడ్డ ఇంకా పసివాడే. కొన్నేళ్లకు తల్లి కూడా పోయింది. తాత పెంచాడు. పేరుకు తగ్గట్టే పిల్లవాడు ఫుట్‌బాల్ ఆడాడు, అండమాన్ తరఫున సుబ్రతో కప్ దాకా వెళ్లాడు. సుబ్రతో కప్ అంటే మన దేశంలో బడి పిల్లల ఫుట్‌బాల్‌కు పెద్ద పండగ. మన వైమానిక దళానికి అధిపతి అయిన తొలి భారతీయుడు సుబ్రతో ముఖర్జీ పేరు మీద 1960 నుంచి జరుగుతోంది.

డేవిడ్ బెక్‌హామ్ ఎల్కటోచూంగో కథ అక్కడితో ఆగిపోయి ఉంటే మన గోల్‌కీపర్ కథే అయ్యేది. అలా కాలేదు. 2017లో అతను సైకిల్ వైపు మళ్లాడు. ఢిల్లీలో జాతీయ శిక్షణ కేంద్రంలో చేరాడు. ఖేలో ఇండియా పోటీల్లో స్వర్ణం గెలిచాడు, ఆసియా పోటీల్లో భారత జెర్సీ వేసుకున్నాడు. అతనికి కొంచెం ముందు ఈ దీవుల నుంచే వచ్చిన ఈసో ఆల్బెన్ 2018లో స్విట్జర్లాండ్‌లో జరిగిన ప్రపంచ జూనియర్ ట్రాక్ సైక్లింగ్‌లో రజతం గెలిచాడు. ప్రపంచ స్థాయి సైక్లింగ్‌లో మన దేశానికి అదే మొదటి పతకం. వాళ్లిద్దరికన్నా ముందు డెబొరా హెరాల్డ్. సునామీ నాడు తొమ్మిదేళ్ల పిల్ల, చెట్టు పట్టుకుని రోజుల తరబడి బతికింది. ఆ తర్వాత సైకిల్ మీద దేశానికి పేరు తెచ్చింది.

ఈ పేర్లు వింటే మనందరికీ ఛాతీ ఉప్పొంగుతుంది. ఉప్పొంగాలి కూడా. కానీ ఈ పేర్లతో ఒక తప్పు చేస్తున్నాం. బెక్‌హామ్‌ను చూపించి మిగతా పిల్లల్ని "వాడికి వీలైంది, నీకెందుకు కాలేదు?" అని అడుగుతున్నాం. అతని కథలో అసలు విషయం వేరే. ఒక ఆట దారి సన్నబడుతుండగానే మరో దారి అతని ముందు తెరిచి ఉంది. శిక్షణ కేంద్రం ఉంది, తిండి ఉంది, పడుకోడానికి మంచం ఉంది, పొద్దున్నే లేపే కోచ్ ఉన్నాడు. పిల్లవాడి పట్టుదలతో పాటు ఒక వ్యవస్థ అతనికి చెయ్యి అందించింది. మన గోల్‌కీపర్‌కు పట్టుదల తక్కువైందని నేను ఒప్పుకోను. తిరిగిన మోకాలితో రెండోసారి ఆడినవాడికి పట్టుదల తక్కువని ఎవరంటారు? అతనికి అందించిన చెయ్యి లేదు, అంతే.

ఒక చిన్న లెక్క వేసుకుందాం. ఒక బడి జట్టుకు పదహారు మంది అనుకోండి. ఏటా అందులో అయిదారుగురు పన్నెండో తరగతి దాటి బయటికి వెళతారు. పదేళ్లకు ఒక్క బడి నుంచే యాభై, అరవై మంది. దీవుల్లో జట్టు ఉన్న బడులు ఎన్ని ఉన్నాయో మీరే లెక్కపెట్టండి. అందులో ఆటనే జీవనోపాధి చేసుకున్నవాళ్లు మీకు తెలిసినంతలో ఎంత మంది? చాలామందికి ఒక చేతి వేళ్లు సరిపోతాయి. ఇది మన దౌర్భాగ్యం ఒక్కటే కాదు, ప్రపంచమంతా ఇంతే. కోట్ల డాలర్లు పారే అమెరికాలో హైస్కూల్లో వాళ్ల తరహా ఫుట్‌బాల్ ఆడేవాళ్లలో కాలేజీ జట్టుకు చేరేది నూటికి ఏడుగురేనని అక్కడి కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ చెబుతుంది. కాలేజీ నుంచి వృత్తి ఆటగాడయ్యేది అందులోనూ నూటికి ఒకరో ఇద్దరో. అంటే బడిలో బంతి తన్నే ప్రతి పిల్లవాడికీ ఒక రోజు ఈల మోగుతుంది. దాదాపు అందరికీ పద్దెనిమిదేళ్లకే మోగుతుంది. ముందే తెలిసిన ఈ సంగతికి ముందే సిద్ధం కాకపోవడం మన తప్పు, పిల్లల తప్పు కాదు.

మన తెలుగు నేలకు ఇది తెలియని పాఠమేమీ కాదు. ఒకప్పుడు హైదరాబాద్ ఈ దేశపు ఫుట్‌బాల్‌కు గుండెకాయ. సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడిపంతులు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షకుడయ్యాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. అదే రహీం శిక్షణలో భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. ఆ జట్టు పేరులోనే ఒక విషయం ఉంది, గమనించండి: పోలీస్. ఆడే కుర్రాడికి యూనిఫాం ఉంది, నెల జీతం ఉంది. బూట్లు విప్పేశాక కూడా లాఠీ పట్టుకుని డ్యూటీకి వెళ్లే దారి ఉంది. పోలీసు, రైల్వే, బ్యాంకు జట్లు ఈ దేశంలో ఆటగాళ్లను తయారు చేశాయి. వాళ్ల కుటుంబాలకు అన్నం కూడా పెట్టాయి. ఆట, బతుకు రెండూ ఒకే తాటి మీద నడవాలన్న ఇంగితం ఆ తరానికి ఉంది.

ఆ తరంలో కూడా మనం మరిచిపోయినవాళ్లు ఉన్నారు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1956, 1960 ఒలింపిక్స్ ఆడాడు. రోమ్‌లో హంగేరీ మీద గోల్ కొట్టాడు. జకార్తా స్వర్ణం జట్టులో ఉన్నాడు. ఊపిరితిత్తుల జబ్బు వచ్చి ఇరవై ఏడేళ్లు నిండేసరికే ఆట ముగిసింది. ఆ తర్వాత మరో అరవై ఏళ్లు బతికాడు. అర్జున ఇచ్చిన దేశం పద్మ ఇవ్వలేదు. చివరి రోజులు బెంగాల్‌లోని ఉత్తరపాడాలో ఒంటరిగా గడిపి 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశాడు. మనలో ఎంత మందికి ఆ రోజు తెలిసింది? ఆటగాడి జీవితంలో ఆట ఏడెనిమిదేళ్లు, ఆట తర్వాతి బతుకు అరవై ఏళ్లు. మనం ఆ ఏడెనిమిదేళ్లకే చప్పట్లు కొట్టి, అరవై ఏళ్లను గాలికి వదిలేస్తున్నాం. ఒలింపిక్స్ ఆడినవాడికే ఈ గతి పడితే, మెయిన్‌లాండ్‌లో రెండు మ్యాచ్‌లు ఆడి ఓడి ఓడెక్కి వచ్చిన మన పదహారేళ్ల కుర్రాడి సంగతి ఎవరు పట్టించుకుంటారు? మనమే పట్టించుకోవాలి. ఇంకెవరూ లేరు.

దారులు లేవా? ఉన్నాయి. అందుకే నా బాధ రెట్టింపు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో ప్రతిభ గల క్రీడాకారులను తీసుకునే నిబంధన ఉంది. జాతీయ బడి క్రీడల్లో రాష్ట్రం తరఫున, కేంద్రపాలిత ప్రాంతం తరఫున ఆడినవాళ్లు కూడా దానికి అర్హులే. వాళ్లకోసం ప్రత్యేకంగా ఒక నమూనా పత్రం ఉంది, ఫారం-4 అంటారు. దాని మీద విద్యాశాఖలో క్రీడలు చూసే అధికారి సంతకం ఉండాలి. వయసులో అయిదేళ్లు, ఎస్సీ ఎస్టీలకు పదేళ్లు సడలింపు కూడా ఉంది. ఈ ఒక్క కాగితం పిల్లవాడి చేతిలో పెట్టడానికి ఖర్చయ్యేది ఒక మధ్యాహ్నం. ఆ మధ్యాహ్నం మనం ఇవ్వలేకపోయాం. పదిహేనేళ్ల తర్వాత, రిజిస్టర్లు చెదలు పట్టాక, సంతకం పెట్టగలిగినవాళ్లు బదిలీ మీదో రిటైరయ్యో వెళ్లిపోయాక, జెట్టీ మీద టీ గ్లాసు పట్టుకుని ఒక కుర్రాడు "దొరుకుద్దంటారా?" అని అడుగుతున్నాడు.

పోటీల తేదీలు, బోర్డు పరీక్షల తేదీలు ఢీకొంటే జాతీయ స్థాయి ఆటగాళ్లకు సీబీఎస్‌ఈ తర్వాత విడిగా పరీక్ష పెడుతోంది. దానికి దరఖాస్తు పెట్టాల్సింది బడి. పెట్టకపోతే పిల్లవాడికి ఆ అవకాశం పోయినట్టే లెక్క. నౌకాదళం, సైన్యం క్రీడాకారులను వేరుగా ఎంపిక చేసుకుంటాయి. త్రివిధ దళాల ఉమ్మడి కమాండ్ 2001లో దేశంలో మొట్టమొదట ఏర్పడింది మన దీవుల్లోనే. ఆ కమాండ్ కంచె పక్కనే పుట్టి పెరిగిన పిల్లలకు లోపలికి వెళ్లే దారి తెలియదు. తీరరక్షక దళంలో నావిక్ జనరల్ డ్యూటీకి పన్నెండో తరగతిలో లెక్కలు, ఫిజిక్స్ ఉండాలి. "వీడు ఆటగాడు, వీడికి తేలిక సబ్జెక్టులు ఇద్దాం" అని పదకొండో తరగతిలో మనం ప్రేమతో చేసే పని ఆ తలుపు మూసేస్తుంది. ఆట ముగిసినవాళ్లను కొత్త పనికి తయారు చెయ్యడానికి కేంద్ర క్రీడాశాఖ 2024 ఆగస్టు 29న, జాతీయ క్రీడా దినోత్సవం నాడు, రీసెట్ అనే శిక్షణ పథకం మొదలుపెట్టింది. ఇరవై నుంచి యాభై ఏళ్ల మధ్య ఉన్న మాజీ క్రీడాకారులకు అది. పన్నెండో తరగతి చదవనివాళ్లకు కూడా అందులో వేరే విభాగం ఉంది. ఈ మాట మీ పేటలోని మాజీ ఆటగాళ్లలో ఎవరి చెవినైనా పడిందా?

ఇక ఎవరేం చెయ్యాలో పేరుపేరునా అడుగుతాను. పెద్దవాణ్ణి కాబట్టి అడిగే చనువు తీసుకుంటున్నాను.

అమ్మా, నాన్నా, మొదట మీతో. మీ పిల్లవాణ్ణి ఆట మానిపించకండి. ఆట అతనికి తోడుండటం, ఓడటం, లేవడం నేర్పుతుంది. కానీ ఆట పేరు చెప్పి చదువు మాన్పించకండి. "మావాడు పెద్ద ప్లేయర్ అవుతాడు" అని ఇరుగుపొరుగు దగ్గర మీరు అనే ప్రతిసారీ, కాకపోతే ఇంట్లో మొహం ఎలా చూపించాలో తెలియని బరువు ఆ పిల్లవాడి భుజం మీద పెడుతున్నారు. ఆట పోయిన రోజు పిల్లవాడు గదిలో గోడవైపు తిరిగి పడుకుంటే సోమరితనం అనుకోకండి. పదేళ్లుగా "నువ్వెవరు?" అంటే "గోల్‌కీపర్ని" అని చెప్పినవాడికి ఇప్పుడు ఏం చెప్పాలో తెలియడం లేదు. పక్కన కూర్చోండి. అన్నం కలిపి పెట్టండి. కొత్త జవాబు వెతుక్కునేదాకా ఓపిక పట్టండి.

పీటీ సార్లూ, నా తోటి టీచర్లూ, మీతో. మీరు ఎంత కష్టపడతారో నాకు తెలుసు. సొంత డబ్బుతో బంతి కొని, సెలవు రోజు ఎండలో నిలబడే వాళ్లను చూశాను. అందుకే మీ మాట ఆ పిల్లలు దైవవాక్కులా వింటారు. మోకాలు వాచిన పిల్లవాణ్ణి "ఫైనల్ ఒక్కటీ ఆడు నాన్నా" అని పంపొద్దు. కప్పు బీరువాలో ఉంటుంది, మోకాలు అతనితో జీవితాంతం ఉంటుంది. ప్రతి ఆటగాడికీ ఒక ఫైలు పెట్టండి. ఆడిన పోటీ, తేదీ, స్కోరు షీటు, సర్టిఫికెట్టు, అధికారి సంతకం. పిల్లవాడు బడి వదిలే రోజు టీసీతో పాటు ఆ ఫైలు కూడా చేతిలో పెట్టండి.

దీవుల పాలన చూసేవాళ్లతో ఒక విన్నపం. ఓడెక్కించి పంపిన జట్టులోని ప్రతి పేరూ ఒక రిజిస్టరులో ఉండాలి. అయిదేళ్లకొకసారి ఆ రిజిస్టరు తెరిచి వీళ్లంతా ఎక్కడున్నారని అడగాలి. బయటి దీవుల పిల్లవాడికి మోకాలి స్పెషలిస్టు దగ్గరికి వెళ్లడమంటే ఓడ టికెట్టు కోసం వరసలో నిలబడటం, రోజుల ప్రయాణం, పట్నంలో ఉండటానికి చోటు వెతుక్కోవడం. దీవి జెర్సీ వేసుకుని దెబ్బ తగిలించుకున్న పిల్లవాడి వైద్యం దీవి బాధ్యత కావాలి. కోచ్‌గా, రిఫరీగా శిక్షణ పొందాలనుకునే మాజీ ఆటగాళ్లకు ఫీజు, ప్రయాణం చూసుకోవాలి. ఒక రిఫరీ తయారైతే వందల మంది పిల్లల ఆట బాగుపడుతుంది.

దుకాణదారులూ, హోటల్ యజమానులూ, బోటు యజమానులూ, మీతో. మీలో చాలామంది టోర్నమెంటుకు చందా ఇస్తారు, బ్యానర్ మీద మీ పేరు చూసుకుంటారు. తప్పు లేదు. ఒక ఏడాది బ్యానర్ బదులు ఒక మాజీ ఆటగాడికి పని నేర్పి చూడండి. స్వరాజ్ ద్వీప్‌లో పర్యాటకులను సముద్రంలోకి దింపే డైవింగ్ సంస్థలకు ఊపిరి, ఒళ్లు, ధైర్యం ఉన్న మనుషులు కావాలి. ఆ మూడూ ఉన్న పిల్లలు మన మైదానాల్లో పెరిగారు. వాళ్లకు లేనిది మొదటి అవకాశం, అది ఇవ్వగలిగేది మీరు.

మన తెలుగు సంఘాలతో, కొంచెం గట్టిగానే చెబుతున్నాను. ఉగాదికి, సంక్రాంతికి వేదిక కడతాం. విశాఖ నుంచి, హైదరాబాద్ నుంచి అతిథులను పిలిచి శాలువాలు కప్పుతాం. ఆ వేదిక మీద ఏడాదికి ఒక్కసారి, పదేళ్ల కిందట మన బడి జట్టులో ఆడి ఇప్పుడు వల లాగుతున్న కుర్రాణ్ణి పిలిచి, నీకేం కావాలి తమ్ముడూ అని అడిగామా? అనంతపురంలో గ్రామీణాభివృద్ధి సంస్థ ఆర్డీటీ కరవు నేలలో బడి పిల్లలకు ఫుట్‌బాల్ లీగు నడిపింది. ఆటను చదువుకు పక్కనే పెట్టింది, ఆడపిల్లలను మైదానంలోకి తెచ్చింది. కరవు సీమలో అయిన పని సముద్రం మధ్య ఎందుకు కాదు?

ఆడపిల్లల మాట వచ్చింది కాబట్టి ఒక మాట. సుబ్రతో కప్‌లో ఇప్పుడు బాలికల పోటీ కూడా ఉంది. మన అమ్మాయిలు ఆడుతున్నారు. మగపిల్లవాడికి ఈల మోకాలి దగ్గర మోగితే, ఆడపిల్లకు పెళ్లి చూపుల దగ్గర మోగుతోంది. "ఇంక చాలమ్మా, ఎంతకాలం ఆడతావు" అన్న ఒక్క మాటతో బూట్లు అటక ఎక్కుతాయి. ఆమెకు ఆట ఇచ్చిన ధైర్యం, పరుగు, నలుగురిలో నిలబడే నేర్పు అన్నీ వాటితో పాటే అటకెక్కనివ్వకండి. బడుల్లో పీటీ టీచర్లుగా, కోచ్‌లుగా, పోలీసులుగా మనకు ఆడవాళ్లు కావాలి. ఆ ఉద్యోగాలకు తయారైన అమ్మాయిలు మన ఇళ్లలోనే ఉన్నారు.

కార్ నికోబార్‌లో తుహేత్ అనే మాట ఒకటి ఉంది. ఒకే మూలం నుంచి వచ్చిన పెద్ద ఉమ్మడి కుటుంబం అది. భూమి, కొబ్బరితోటలు ఒక్కడివి కావు, తుహేత్‌వి. తండ్రి లేని బిడ్డ తుహేత్ బిడ్డ. ముసలివాడు తుహేత్ ముసలివాడు. సునామీ ఆ దీవిని ఊడ్చేశాక, తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్న పిల్లలు నిలదొక్కుకోవడంలో ఆ పద్ధతికి పెద్ద వాటా ఉంది. బెక్‌హామ్‌కు తాత దొరికింది అలాంటి నేల మీద. మనం మెయిన్‌లాండ్ నుంచి వచ్చినవాళ్లం. ఈ దీవుల గాలి పీల్చాం, నీళ్లు తాగాం, దీవివాసులమని చూపే ఐలాండర్ కార్డు జేబులో పెట్టుకు తిరుగుతున్నాం. ఈ నేల మనకు నేర్పగలిగిన గొప్ప పద్ధతిని మాత్రం ఇంకా నేర్చుకోలేదు. బడి జట్టులో ఒకసారి పేరు రాసిన పిల్లవాడు ఊరు మొత్తానికి బిడ్డ కావాలి. ఆట ఉన్నా లేకపోయినా ఆ వరస తెగకూడదు.

జెట్టీ మీద కలిసిన గోల్‌కీపర్ కాగితం కోసం నేను తిరుగుతున్నాను. ఆనాటి జట్టు జాబితా నకలు ఒకటి పాత స్నేహితుడి దగ్గర దొరికింది. అధికారి సంతకం అవుతుందో లేదో, అయినా అప్పటికి అతని వయసు దాటిపోతుందో చెప్పలేను. ఆ జాబితాలో పదహారు పేర్లున్నాయి. ఒక్కొక్కరినీ వెతుకుతున్నాను. ఇప్పటికి ఏడుగురు దొరికారు.

మీ బడిలోనూ అలాంటి జాబితా ఒకటి ఉంటుంది. పాత అల్మరాలోనో, కప్పుల వెనక దుమ్ములోనో. ఈ ఆదివారం దాన్ని బయటికి తీయండి. మొదటి పేరు చదవండి. ఆ మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడో కనుక్కోండి. ఇంటికి వెళ్లి, కూర్చుని, ఎలా ఉన్నావని అడగండి. తర్వాత రెండో పేరు.